ఎన్ని మీటర్ల దూరం అన్నది రెండో ప్రశ్న

కొత్తవలసలో బయల్దేరి ఎస్.కోట, బొడ్డవర దాటాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి మీదుగా కొండెక్కే కిరండూల్ లైను మీద మొత్తం 58 సొరంగాలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప రాయిని విశాఖ రేవుకు దించడానికి 1960లలో తొలిచిన దారి అది. ఇప్పుడు కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా, సుమారు 189 కిలోమీటర్ల మేర, దానికి రెండో లైను పడుతోంది. కొండల్లో రెండో లైను అంటే రోజూ రైళ్లు తిరిగే పాత సొరంగం పక్కన కొత్త సొరంగమో, కొండను పైనుంచి తెరిచి కోసే కొత్త కటింగో రావలసిందే.

ఇలాంటి పని ఎక్కడ మొదలైనా అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పాతదానికి ఎంత దూరంలో తవ్వుతున్నారు?" లోహపు గనుల నిబంధనల్లో కూడా రైల్వే లైనుకు 45 మీటర్ల లోపు అనుమతి లేకుండా గని పని చేయకూడదని ఉంది. దాంతో 45 దాటితే నిశ్చింత, లోపలైతే గండం అనే లెక్క జనంలోనూ, కొందరు కాంట్రాక్టర్లలోనూ స్థిరపడిపోయింది. ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. గట్టి రాయి మధ్యలో ఉంటే 8 మీటర్ల దూరంలో కూడా క్షేమంగా తవ్వవచ్చు. కుళ్లిన పొర ఒకటి రెండింటినీ కలుపుతూ ఉంటే 50 మీటర్లు కూడా చాలకపోవచ్చు. ముందు అడగవలసింది మధ్యలో ఏముంది, అది ఎటు వాలి ఉంది, పాత సొరంగం ఈ రోజు ఏ స్థితిలో ఉంది అని. దూరం సంగతి ఆ తర్వాత.

సొరంగం అంటే మనకు కనిపించే ఖాళీ కాదు. ఆ ఖాళీ చుట్టూ ఉన్న నేలే అసలు సొరంగం. సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కట్టిన పాత నుయ్యిని చూస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. ఆ రాళ్లను పట్టుకుని ఉన్నది చుట్టూ ఉన్న మట్టి. నాలుగు వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది కాబట్టి రాళ్లు ఒకదానికొకటి బిగుసుకుని వలయంగా నిలబడతాయి. నుయ్యికి ఒక పక్క పొక్లెయిన్ పెట్టి గొయ్యి తీశారనుకోండి. ఆ వైపు ఒత్తిడి తగ్గుతుంది, మిగతా వైపుల ఒత్తిడి అలాగే ఉంటుంది. నుయ్యి ఆ గొయ్యి వైపు పొట్ట పెడుతుంది, అటు రాళ్ల బిగువు సడలుతుంది. నుయ్యిని ఎవరూ తాకలేదు, అయినా దానిలో సగబలం పోయింది. పక్కన తవ్వకం వల్ల సొరంగానికి జరిగేది కూడా ఇదే.

అంకెల్లో చూద్దాం. కొండ పైకప్పు 100 మీటర్ల మందం ఉందనుకుంటే, ఘనమీటరుకు 2.6 టన్నుల చొప్పున ఆ లోతులో రాయి మీద సుమారు 2.6 మెగాపాస్కల్ ఒత్తిడి ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 26 కిలోలు. అన్ని వైపులా ఒత్తిడి సమానంగా ఉన్న రాయిలో గుండ్రటి సొరంగం తొలిస్తే దాని గోడ దగ్గర ఆ ఒత్తిడి రెండింతలవుతుంది. ఖాళీ మోయలేని బరువు పక్కకు జరిగి గోడల మీద పడుతుంది కాబట్టి. గోడ నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఈ అదనపు భారం త్వరగా తగ్గుతుంది. 6 మీటర్ల వ్యాసం ఉన్న సొరంగమైతే గోడకు 3 మీటర్ల లోపల 25 శాతం ఎక్కువ, 6 మీటర్ల లోపల 11 శాతం, 12 మీటర్ల లోపల 4 శాతం. ఇప్పుడు 6 మీటర్ల రాతిగోడ వదిలి పక్కన అంతే వ్యాసంతో కొత్త సొరంగం తీస్తే, ఆ రాతిగోడ నట్టనడుమ రెండు పాతిక శాతాలు కలిసి ఒకటిన్నర రెట్లు అవుతాయి. పాత సొరంగం గోడ మీద భారం రెండు రెట్ల నుంచి రెండుకు కాస్త పైకి పెరుగుతుంది, అంతే.

చెడని చార్నోకైటు (ఈ కొండల్లోని ఒక గట్టి రాయి) నలగాలంటే 100 మెగాపాస్కల్ దాటడం మామూలే. మన లెక్కలో వచ్చింది ఆరు కూడా లేదు. అందువల్ల ఈ లోతుల్లో, గట్టి రాయిలో, రాయి నలిగి సొరంగం కూలుతుందన్న భయం అక్కర్లేదు. ఈ మాట నిజమే, కానీ కంప్యూటర్ లెక్కలు చూసి "ఫర్వాలేదు" అనేవాళ్లు ఆగిపోయేదీ ఇక్కడే. ఈ లెక్కలో రాయికి పగుళ్లు లేవు, పొరలు లేవు, నీళ్లు లేవు. పాత సొరంగాన్ని మందుగుండుతోనే తొలిచారు. ఆనాటి పేలుళ్లకు గోడల చుట్టూ అర మీటరు నుంచి ఒకటిన్నర, రెండు మీటర్ల దాకా రాయి అప్పటికే చిట్లి ఉంటుంది. కొత్త పేలుళ్లు ఇటువైపు మరో మీటరు చిట్లగొడతాయి. ఆరు మీటర్ల గోడ అని కాగితం మీద రాసుకున్నదాంట్లో నికరంగా పనిచేసేది మూడు నుంచి నాలుగున్నర.

ఇక మన కొండల రాయి సంగతి. ఖోండలైటు అన్న పేరే ఇక్కడి ఖోండు జనం పేరు మీద వచ్చింది. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసి పొరలు పొరలుగా ఉండే రాయి ఇది. ఫెల్డ్‌స్పార్ నీళ్లకు నాని తెల్లటి సుద్దమట్టిగా మారిపోతుంది. కోణార్క గుడి ఈ రాయితోనే కట్టారు. అక్కడి శిల్పాలు ఎలా అరిగి రాలిపోతున్నాయో చూసినవాళ్లకు ఈ రాయి తత్వం వేరే చెప్పనక్కర్లేదు. కొండ లోపల ఇంకో చిక్కుంది. కుళ్లడం పైనుంచి కిందికి వరుసగా జరగదు. పైన గట్టి రాయి ఉండి, దాని కింద పగులు వెంట నీళ్లు దిగి మీటరు మందాన సుద్దమట్టి పొర తయారై, మళ్లీ దాని కింద గట్టి రాయి తగలవచ్చు. పైన చూసి లోపల ఎలా ఉందో చెప్పేవాళ్ల మాట నమ్మకూడదు.

అందుకే కొత్త సొరంగం గీత ఖాయం చేయకముందే రెండింటి నడుమ ఉండే రాతిగోడ గుండా అడ్డంగా కోర్ డ్రిల్లింగు చేయాలి, అంటే రాయిని కడ్డీలా కోసి బయటికి తీసి చూడాలి. పైనుంచి నిలువుగా వేసిన బోర్లు చాలవు. నిటారుగా దిగే పొరల్ని నిలువు బోరు తప్పించుకుని పోతుంది. రెండు ముఖద్వారాల దగ్గరా తప్పనిసరిగా, లోపల రాయి మారినట్టు అనుమానం ఉన్న ప్రతిచోటా వేయాలి. వచ్చిన కోరును పెట్టెలో పేర్చి, 10 సెంటీమీటర్ల కంటే పొడుగున్న ముక్కల మొత్తం ఎంత శాతమో లెక్కగడతారు. ఆ శాతం ఎంత ముఖ్యమో, కోరు అసలు రాని చోటు అంతకంటే ముఖ్యం. మూడు మీటర్లు డ్రిల్ చేస్తే రెండే మీటర్ల కోరు వచ్చిందంటే, మిగతా మీటరు నీళ్లతో కొట్టుకుపోయిన సుద్ద అన్నమాట. పెట్టెలో ఆ ఖాళీ వదిలేసి ముక్కల్ని దగ్గరికి జరిపి ఫొటో తీసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అలాంటి ఒక్క ఫొటో మొత్తం డిజైనునే తప్పు పునాది మీద నిలబెడుతుంది.

పొరల వాలు గురించి రెండు మాటలు. తూర్పు కనుమల్లో పొరలు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. కొండదారి మెలికలు తిరుగుతుంది కాబట్టి ఒక సొరంగం పొరలకు అడ్డంగా పోతే, పక్క సొరంగం వాటి వెంటే పోతుంది. అడ్డంగా పోయేదానికి బలం ఎక్కువ. పొరల వెంట పోయేదానిలో ఒక గోడ వైపు పలకలన్నీ లోపలికి జారేలా వాలి ఉంటాయి, ఎదుటి గోడ వైపు కొండలోకి వాలి ఉంటాయి. కొత్త తవ్వకం వల్ల జారుడు పలకల కాలు తెగితే, ఎన్ని మీటర్ల దూరంలో తెగినా అవి కదులుతాయి. దూరం మీద నాకు నమ్మకం లేకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంతకంటే ప్రమాదం, కొండవాలుకు సమాంతరంగా పోయే సొరంగానికి పల్లం వైపు కటింగు తీయడం. అలాంటి సొరంగానికి మెరక వైపు కొండంత అండ ఉంటుంది, పల్లం వైపు పలుచటి రాతి అంచే ఉంటుంది. కొండ తోసే తోపును ఆ అంచే ఆపుతోంది. కొత్త లైను కోసం దాన్ని చెక్కేస్తే సొరంగం మొత్తం పల్లానికి ఒరుగుతుంది. చెరువు గట్టు అడుగున మట్టి తీయకూడదని చెప్పడానికి ఏ రైతుకూ ఇంజినీరు అక్కర్లేదు; ఇదీ ఆ మాటే. ఇలాంటి చోట్ల కొత్త లైనును మెరక వైపుకు, కొండ లోపలికి జరపడమే మంచిది. సొరంగం పొడవు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టాల్సిందే.

నీటి విషయంలో తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. కొత్త సొరంగం ఊటను తన వైపు లాగేస్తే పాతది ఎండుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ నీళ్లు కొత్త దారి పట్టాయంటే పగుళ్లలోని సుద్దను తీసుకుపోతున్నాయేమో చూడాలి. ఎన్ని నీళ్లు వస్తున్నాయన్నదాని కంటే ఏ రంగులో వస్తున్నాయన్నది ముఖ్యం. గట్టు కింద తేట నీరు ఊరితే ఊట, బురద నీరు వస్తే బుంగ. సొరంగంలోనూ అంతే. కాలువలో వారానికోసారి గాజు సీసాతో నీళ్లు పట్టి, తేదీ వేసి, అడుగున ఎంత పేరుకుందో చూస్తే చాలు, ఇంతకంటే చవకైన పరికరం లేదు. రెండో తప్పు దీనికి తలకిందులు. కొత్త సొరంగానికి చుట్టూ నీరు చొరబడని షీటు వేసి, వెనుక కాలువ సరిగ్గా ఇవ్వకపోతే ఊట పాతదాని వెనుక నిలుస్తుంది. నీరు ఒక మీటరు ఎత్తు నిలిస్తే చదరపు మీటరుకు ఒక టన్ను తోపు. పది మీటర్లు నిలిస్తే పది టన్నులు. పాత లైనింగుకు, అంటే సొరంగం లోపలి కాంక్రీటు తొడుగుకు, నీరు పోయే రంధ్రాలున్నాయి కదా అంటారు. కొత్త వైపు రాతి బోల్టులకో, పగుళ్లు పూడ్చడానికో ఒత్తిడితో ఎక్కించిన సిమెంటు పాలు పగుళ్ల వెంట వచ్చి ఆ రంధ్రాల్నే మూసేస్తాయి. గ్రౌటింగు జరుగుతున్నంతసేపూ పాత సొరంగంలో ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడి ఉండాలి. పాలు కనిపించగానే పంపు ఆపించే ఫోను ఆ మనిషి చేతిలో ఉండాలి.

ఇప్పుడు మందుగుండు. ఇక్కడే నిదానంగా చెప్పాల్సింది ఎక్కువ.

పేలుడు వల్ల నేల ఎంత వేగంతో కంపిస్తుందో సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. భారతీయ ప్రమాణం 6922లో ఒక అంచనా సూత్రం ఉంది: ఒక డిలేలో, అంటే ఒకే క్షణాన కలిసి పేలే మందు బరువును కిలోల్లో తీసుకుని, దాని మూడింట రెండు వంతుల (2/3) ఘాతాన్ని మీటర్లలో ఉన్న దూరంతో భాగించి, వచ్చినదాన్ని 1.25 ఘాతానికి పెంచి, గట్టి రాయికైతే 1400తో, మెత్తని నేలకైతే 880తో హెచ్చించాలి. గట్టి రాయిలో 20 మీటర్ల దూరాన ఒక కిలో పేలితే 33 మిల్లీమీటర్ల వేగం వస్తుంది. 40 మీటర్ల దూరానికి 14. హాంకాంగ్ మెట్రో తన సొరంగాల దగ్గర పేలుళ్లకు పెట్టుకున్న హద్దు 25. ఆ హద్దు లోపల ఉండాలంటే 20 మీటర్ల దగ్గర ఒక డిలేకు 700 గ్రాములే, అంటే 125 గ్రాముల జెలటిన్ కడ్డీలు అయిదు. 40 మీటర్ల దగ్గరైతే రెండు కిలోలు. మన దగ్గర గనుల భద్రతా డైరెక్టరేటు 1997లో ఇచ్చిన సర్క్యులర్‌లో ఇళ్లకు, పారిశ్రామిక భవనాలకు, చారిత్రక కట్టడాలకు వేరువేరు హద్దులున్నాయి, పైగా కంపనం ఎంత నెమ్మదిగా ఊగితే హద్దు అంత తక్కువ. రైలు సొరంగానికి అందులో విడిగా వరుస లేదు. అందువల్ల ఏ వరుస వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో టెండరు కాగితంలోనే రాసి ఉండాలి.

ఈ సూత్రం మొదలుపెట్టడానికే పనికొస్తుంది. మొదటి పది, పదిహేను పేలుళ్లు దూరం నుంచి, తక్కువ మందుతో చేసి, వచ్చిన అంకెలతో ఆ చోటుకు సొంత లెక్క తయారు చేసుకోవాలి. కంపనం కొలిచే పరికరాన్ని పాత సొరంగంలో పేలుడు వైపు గోడకు, ఛాతీ ఎత్తున, ప్లాస్టరుతో అతికించాలి. కంకర మీద పెట్టి కొలిస్తే అంకె ఎక్కువో తక్కువో వస్తుంది తప్ప నిజం రాదు.

డిలే లెక్కలో జరిగే మోసం ఒకటుంది. 40 రంధ్రాలకు 60 కిలోలు నింపి "మాది మిల్లీసెకండ్ డిలే" అంటారు, అంటే రంధ్రాలు కొద్ది మిల్లీసెకండ్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి పేలతాయని. కానీ ఒకే నంబరు డిలే ఉన్న రంధ్రాలన్నీ లెక్కకు ఒకే పేలుడు. ఎనిమిది మిల్లీసెకండ్ల కంటే దగ్గరగా పేలేవి కూడా కలిసే లెక్క. మామూలు నాన్-ఎలక్ట్రిక్ డిటోనేటర్లలో పెద్ద నంబర్లకు సమయం అటూ ఇటూ జరుగుతుంది, రెండు నంబర్లు కలిసిపోవచ్చు. ఎలక్ట్రానిక్ డిటోనేటర్లు ఖరీదైనా పాత సొరంగం పక్కన వాటికి సాటి లేదు. విద్యుత్ డిటోనేటర్లు మాత్రం అసలు వాడకూడదు. తలపైన 25 కిలోవోల్టుల తీగ ఉన్న లైను పక్కన ప్రేరిత విద్యుత్తుకు అవి వేళ కాని వేళ పేలవచ్చు.

మొదట పేలే నడిమి రంధ్రాలే అన్నిటికంటే ఎక్కువ కంపనం పుట్టిస్తాయి, ఎందుకంటే వాటికి తెరుచుకునే చోటు ఉండదు. మందు లేని పెద్ద రంధ్రాలు నాలుగు ఎక్కువ వేసి వాటికి చోటివ్వాలి. కట్ అనే ఆ నడిమి రంధ్రాల గుంపును తవ్వకం ముఖం నడుమ కాకుండా పాత సొరంగానికి దూరంగా ఉన్న పక్కకు జరపాలి. మూడు మీటర్ల రంధ్రాలకు బదులు మీటరు, మీటరున్నర. పని నెమ్మదిస్తుంది. రోజుకు ఇన్ని మీటర్లు అని బిల్లు రాసే ఒప్పందంలో ఈ నెమ్మదికి చోటు లేకపోతే, రాత్రి షిఫ్టులో మందు పెరుగుతుంది. తప్పు మందు కొట్టేవాడిది కాదు, ఒప్పందం రాసినవాళ్లది.

మరి 25 మిల్లీమీటర్ల వేగానికి కాంక్రీటు పగులుతుందా? పగలదు. అంత కంపనం రాయిలో పుట్టించే ఒత్తిడి సుమారు 0.3 మెగాపాస్కల్, మంచి కాంక్రీటు లాగుడుకు రెండు దాకా తట్టుకుంటుంది. ప్రమాదం లైనింగులో కాదు, దాని వెనుక ఉంటుంది. మందుగుండుతో తొలిచిన సొరంగం ఎప్పుడూ కావలసినదానికంటే పెద్దగా తెగుతుంది. ఆ రోజుల్లో లైనింగుకూ రాయికీ మధ్య మిగిలిన సందును రాళ్లతో నింపేవాళ్లు, పైకప్పు మీద చాలాసార్లు ఖాళీగానే మిగిలేది. ఆ ఖాళీలో వదులుగా కూర్చున్న బండ ప్రతి పేలుడుకూ వెంట్రుకవాసి జరుగుతుంది. వందో పేలుడుకో, ఆ తర్వాతి వానలకో లైనింగు మీద పడుతుంది. కాబట్టి మందు తగ్గించడం కంటే ముందు చేయాల్సిన పని ఆ ఖాళీలు వెతికి తక్కువ ఒత్తిడితో గ్రౌటు నింపడం. సుత్తితో కొట్టి చూస్తే గట్టిచోట ఖణేల్మంటుంది, బోలుచోట దబ్బుమంటుంది. చుట్టూ గీత గీసి, రంధ్రం చేసి, లోపల ఎంత లోతుందో కడ్డీతో కొలవాలి. పైకప్పు దగ్గర ఈ పని చేయాలంటే తీగలో కరెంటు ఆపించాలి, దానికి పవర్ బ్లాకు దొరకాలి. బ్లాకు దొరకలేదని ఈ పని వాయిదా వేసి, పేలుళ్లు మాత్రం మొదలుపెట్టడం ఎంతమాత్రం ఒప్పుకోదగింది కాదు.

మందే వాడకుండా తవ్వలేమా అంటే, ఆ పనితనం మన పక్కనే ఉంది. టెక్కలి వైపు నీలి గ్రానైటు క్వారీల్లో దిమ్మె చిట్లితే డబ్బు రాదు కాబట్టి వాళ్లు పేలుడును దూరం పెట్టి, వజ్రపు పూసల తీగ రంపంతో కోస్తారు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రంధ్రాలు వేసి లోపల కలిపి, తీగ గుచ్చి, నీళ్లు పోస్తూ తిప్పుతారు. కొత్త సొరంగం ముఖద్వారం దగ్గర, పాతదాని వైపు అంచున ఇలా ఒక కోత ముందే పెడితే, ఆ సందు దాటి పేలుడు అల చాలా తక్కువగా వెళ్తుంది. తీగ ఆడని చోట జాక్ హామర్‌తో దగ్గర దగ్గరగా రంధ్రాలు వేసి, ఉబ్బే సున్నపు ముద్ద నింపితే మర్నాటికి రాయి చప్పుడు లేకుండా చీలుతుంది. మే నెల ఎండలో మాత్రం జాగ్రత్త. వేడికి ఆ ముద్ద రంధ్రంలోంచి తుపాకీ గుండులా చిమ్ముతుంది, కళ్లు పోతాయి. చల్లని నీళ్లతో కలిపి, తెల్లవారుజామునే నింపి, గోనె కప్పి దూరం జరగాలి. ఖర్చు లెక్కలో తీగ రంపం పేలుడు కంటే ఎక్కువే. రైలు ఆగితే పోయే సొమ్ము ఆ లెక్కలో రాస్తే ఎక్కువ అనిపించదు.

మెత్తని నేలలో, నాగావళి, వంశధార ఒండ్రు లాంటి చోట్ల ఆలోచన అదే, కొలతలు వేరు. హాంకాంగ్, షాంఘై రెండు చోట్లా సొరంగం మీద భారంలో 20 కిలోపాస్కల్ మించి మార్పు రాకూడదంటారు. అంటే ఎంత మట్టి? ఒక్క మీటరు. సొరంగం మీద అయిదు మీటర్ల గొయ్యి తీసినా, తవ్విన మట్టి తెచ్చి రెండు మీటర్ల గుట్ట పోసినా హద్దు దాటినట్టే. తవ్వకం మీద పెట్టే శ్రద్ధ మట్టి పోసే చోటు మీద ఎవరూ పెట్టరు. టిప్పరు డ్రైవరుకు దగ్గర చోటు దొరికితే అక్కడే పోస్తాడు. ముఖద్వారం నెత్తిన డంపు కనిపిస్తే మర్నాటికి తీయించాలి. గొయ్యి తీసేటప్పుడు ఒక్కసారిగా పొడవంతా తవ్వక, ఆరేసి మీటర్ల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, ప్రతి ముక్కకూ అడుగు కాంక్రీటు పడ్డాకే పక్కది ముట్టుకోవాలి. తవ్వి వదిలేసిన గొయ్యిలో వాన పడితే అంతకు ముందు చేసిన లెక్కలన్నీ వృథా.

పాత సొరంగం గోడ మీద బీటలు ఏం చెబుతున్నాయో చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. పక్కన తవ్వితే సొరంగం ఆ వైపు సాగి, అడ్డం పెరిగి, నిలువు తగ్గుతుంది. అప్పుడు పైకప్పు నడినెత్తిన, పొడవునా బీట వస్తుంది. పైన తవ్వితే నిలువు పెరుగుతుంది. అప్పుడు రెండు పక్క గోడల నడుమ, పొడవునా బీటలొస్తాయి. సొరంగం చుట్టూ గాజులా తిరిగే బీట అంటే పొడవులో ఒక చోట కుంగిందని. ఏటవాలు బీట అంటే మెలితిరుగుతోందని. కొత్తదో పాతదో అంచులు చూస్తే తెలుస్తుంది. పాత బీట అంచులు మసితో నల్లగా, సున్నం ఊరి గుండ్రంగా ఉంటాయి. కొత్తదాని అంచులు తెల్లగా, గోరుకు గీసుకునేంత పదునుగా ఉంటాయి. నల్ల బీటలో మధ్యన సన్నటి తెల్ల గీత కనిపించిందా, పాతది మళ్లీ కదిలిందన్నమాట. అన్నిటికంటే ముందు ఆగి చూడాల్సింది అలాంటి బీట దగ్గరే. బీట మీద గాజు పలక అతికిస్తే కదిలిందో లేదో చెబుతుంది, ఎంత కదిలిందో చెప్పదు. రెండు పక్కలా స్టీలు పిన్నులు నాటి వెర్నియర్‌తో కొలిస్తే మిల్లీమీటరులో పదో వంతు దాకా తెలుస్తుంది.

ఈ కొలతలన్నీ తవ్వకం మొదలయ్యాక కాదు, కనీసం ఒక వర్షాకాలం ముందు మొదలవ్వాలి. వానకు, ఎండకు లైనింగు తనంతట తాను కదులుతుంది. ఆ మామూలు కదలిక తెలియకపోతే అక్టోబరులో వచ్చిన రెండు మిల్లీమీటర్లు తవ్వకం వల్లో తుపాను వల్లో ఎవరూ తేల్చలేరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. మన దగ్గర ఏ పని కార్యక్రమమైనా సెప్టెంబరు ఆఖరుకు తెరిచి ఉన్న కటింగులన్నీ మూసేలా ఉండాలి.

పాత డ్రాయింగుల్ని నమ్మకండి. లండన్‌లో 2013 మార్చి 8న ఓల్డ్ స్ట్రీట్ దగ్గర పైల్ వేసే యంత్రం నేరుగా నడుస్తున్న రైలు సొరంగంలోకి దిగింది. వెళ్తున్న రైలు డ్రైవరు చూసి చెప్పబట్టి బయటపడ్డారు. పని చేసేవాళ్ల చేతిలోని పటంలో ఆ సొరంగం లేనే లేదు. మన సొరంగాల కొలతలు తీసిన కాలం వేరు, ఇప్పటి ఉపగ్రహ సర్వే వేరు. రెండూ కలిపేటప్పుడు మీటరు తేడా రావడం పెద్ద వింత కాదు. ఆరు మీటర్ల రాతిగోడలో ఒక మీటరంటే ఆరో వంతు. పాత సొరంగాన్ని లేజర్ స్కానింగు చేసి, కొత్తదానితో ఒకే సర్వే గుర్తుల మీద కూర్చోబెట్టాకే గీత గీయాలి.

జర్మనీలో రాష్టాట్ దగ్గర 2017 ఆగస్టు 12న, నడుస్తున్న రైలు పట్టాల కింద కొత్త సొరంగం తొలుస్తుండగా పైన పట్టాలు కుంగాయి. సరుకు రవాణాకు ఐరోపాలోనే ప్రధానమైన ఆ లైను అక్టోబరు 2 దాకా మూతపడింది. అక్కడ పరికరాలు లేక కాదు. మన లైను మీదా ఇనుప రాయి రైళ్లకు పక్కదారి పెట్టుకోవడం తేలిక కాదు. అందుకే హద్దులు మూడు అంచెలుగా ముందే రాసుకోవాలి. హాంకాంగ్, షాంఘై మెట్రోలు 20 మిల్లీమీటర్ల కదలిక ఒప్పుకుంటాయి కదా అని, వెనుక బోలు ఉన్న పాత లైనింగుకు అదే పెట్టకూడదు. నా అభిప్రాయంలో 4 దగ్గర కొలతల్ని రోజుకు రెండుసార్లకు పెంచాలి, 7 దగ్గర పేలుళ్లు ఆపి కారణం వెతకాలి, 10 దగ్గర రైళ్లు ఆపాలి. నాలుగుకంటే తక్కువ పెట్టి లాభం లేదు, దూరాన్నీ కోణాన్నీ కొలిచే టోటల్ స్టేషన్ పరికరానికే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ఆపే అధికారం ఎవరిదన్నది పేరుతో, ఫోను నంబరుతో సొరంగం ముఖద్వారం దగ్గర బోర్డు మీద ఉండాలి. అది పైఅధికారి కాకూడదు. ఆ షిఫ్టులో అక్కడ నిలబడి ఉన్న మనిషి అయి ఉండాలి, ఆపినందుకు తర్వాత ఎవరూ సంజాయిషీ అడగకూడదు.

పేలుడు తర్వాత మొదటి రైలును వదలడానికి ముందు పాత సొరంగంలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకరు నడవాలి: పట్టాల మీద రాలిన పెచ్చులు, కాలువలో నీటి రంగు, ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టిన బీటలు, తీగను పట్టుకున్న బ్రాకెట్ల బోల్టులు. ట్రాఫిక్ బ్లాకులో, అంటే రైళ్లు ఆపే వ్యవధిలో, ఈ నడకకు పట్టే సమయాన్ని ముందే కలిపి అడగాలి. లేకపోతే నడక పరుగవుతుంది, తర్వాత రిజిస్టరులో సంతకం మాత్రమే మిగులుతుంది. కొత్త సొరంగం పూర్తయి ప్రారంభోత్సవం జరిగినా పాతదానిలో పిన్నులు, టోటల్ స్టేషన్‌తో గురిచూసే ప్రిజములు పీకకుండా ఇంకో రెండు వర్షాకాలాలు కొలవాలి. ఊట కొత్త దారికి అలవాటు పడటానికి అంత కాలం పడుతుంది. ఆ రెండేళ్ల కొలతలకయ్యే డబ్బును మొదటి అంచనాలోనే విడి పద్దుగా చూపించాలి, కాంట్రాక్టరు చివరి బిల్లుతో ముడిపెట్టకూడదు.